కిందటేటి గడ్డి

ఢిల్లీలో ఎండలు ముదరకముందే ప్రతి ఇంట్లోనూ చేసే పని ఒకటుంది. కిటికీలో కూలరు మీద కప్పిన గోనెపట్టా తీసి, అడుగున పేరుకున్న మట్టి కడిగి, మూడు వైపులా ఉన్న పాత వట్టివేళ్ళ గడ్డి పీకి పారేసి కొత్తది పెట్టించుకోవడం. సైకిలు వెనక గడ్డి మోపు కట్టుకుని "కూలర్ కీ ఘాస్ బదల్వా లో!" అని అరిచేవాళ్ళు హోలీ వెళ్ళగానే వీధుల్లో దిగుతారు. పాత గడ్డి ఉంచుకుంటే గాలి చల్లగా రాదు, ముక్కిపోయిన వాసన కొడుతుంది, అన్నిటికీ మించి కిందటేడు ఆ గదిలో అనుకున్న మాటలన్నీ బయటికొస్తాయి.

తడి గడ్డి మాటల్ని పీల్చుకుంటుంది. చలికాలమంతా ఎండి వాటిని దాచుకుంటుంది. మళ్ళీ నీళ్ళు పడగానే, ఏ వరసలో పీల్చిందో ఆ వరసలోనే, ఎవరి గొంతుతో వాళ్ళ మాట గాలిలోకి వదుల్తుంది. అదీ ఒక్కసారే. వచ్చిన మాట మళ్ళీ రాదు. అందుకే బుద్ధున్నవాళ్ళు ఏటా గడ్డి మార్చేస్తారు. మార్చనివాళ్ళు పిసినారులూ, ప్రభుత్వ కార్యాలయాలవాళ్ళూను. హైమవతి గుమాస్తాగా పనిచేసే మినిస్ట్రీలో గడ్డి టెండరు ఎప్పుడూ ఖాయం కాదు. రిటైరై వెళ్ళిపోయిన అధికారి కేకలకి కొత్తగా చేరిన కుర్రాళ్ళు కుర్చీల్లోంచి ఉలిక్కిపడి లేచి నిలబడడం అక్కడ ప్రతి ఏప్రిల్లోనూ మామూలే.

కానీ ఆ ఏడు సాకేత్ వెనకున్న సర్కారు క్వార్టర్ల కాలనీలో హోలీ రంగులు ఒంటి మీంచి వదలకముందే అందరూ గడ్డి మార్చేశారు. పాత గడ్డి చెత్తకుండీలో వేస్తే చాలదని పెరట్లో తగలబెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. పోలీసు ఠాణాలో మార్చారు. మంచాల్లేవు, మందుల్లేవు, బడ్జెట్టు లేదని ఎప్పుడూ ఏడ్చే పెద్ద మెంటల్ ఆసుపత్రిలో కూడా ఎక్కడ దొరికాయో డబ్బులు దొరికి, ఓపీ గదిలో సరికొత్త గడ్డి పెట్టించారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. హైమవతికి అదంతా చూస్తుంటే కడుపు రగిలిపోయింది. అలా మాయమైపోయిన మాటలన్నీ తన తమ్ముడి గురించినవి.

తమ్ముడు ఫణికుమార్ సివిల్స్ రాస్తానని విజయనగరం నుంచి వచ్చి జియా సరాయ్‌లో అద్దె గదిలో దిగాడు. రెండో ప్రయత్నం పోయాక, గదిలో ఎవరో తనని తిడుతున్నారని చెప్పడం మొదలెట్టాడు. ఆ మాట వినగానే హైమవతి నవ్వేసింది. నవ్వకేం చేస్తుంది? జియా సరాయ్‌లో ఏ ఇంటాయన గడ్డి మార్చాడు గనక? కిందటేడు అద్దెకున్న కుర్రాళ్ళ తిట్లు అవి, పట్టించుకోకురా అంది. తన డబ్బుతో కొత్త గడ్డి పెట్టించింది. తిట్లు ఆగలేదని వాడంటే కటవారియా సరాయ్‌లో వేరే గది చూసింది. అక్కడా వినిపిస్తున్నాయంటే తన క్వార్టరుకే తెచ్చుకుని, ఒకే వేసవిలో మళ్ళీ మళ్ళీ గడ్డి మార్పించింది. ఇంకే ఊళ్ళోనైనా అయితే మొదటి నెలలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉండేది. గడ్డి మాట్లాడే ఊళ్ళో కాపురం కాబట్టి తప్పంతా గడ్డి మీద తోసి ఏడాది పోగొట్టుకుంది. మాఘమాసం చలిలో, కూలరు గోనెపట్టా కింద ఎండిపోయి ఉన్నప్పుడు, వాడు చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటుంటే అప్పుడర్థమైంది.

అప్పటినుంచి ఆవిడ ఎక్కని గడప లేదు. ఆసుపత్రిలో వరసలో నిలబడితే మాత్రలు రాసిచ్చి, చేర్చుకోడానికి మంచం లేదన్నారు. ఠాణాకి వెళితే ఇంకా ఎవర్నీ కొట్టలేదుగా అన్నారు. కాలనీవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మెట్ల మీద ఫణి ఎదురైతే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు.

ఒక్క గోవిందరాజులుగారు మాత్రం రోజూ పైకొచ్చి వాడి పక్కన కూర్చునేవాడు. కింది వాటాలో ఉండే ఆయన ఆరోగ్య శాఖలో సెక్షన్ ఆఫీసరు. రిటైర్మెంటు ఇంకో ఏడాదిలోకి వచ్చింది. అందరూ కుర్రాడికి దూరంగా జరుగుతుంటే ఆయన దగ్గరికి జరిగాడు. జులైలో ఒకరోజు పొద్దున, హైమవతి బజారుకి వెళ్ళినప్పుడు, ఫణి కూలరు స్టాండు కింద ఎత్తుకి పెట్టిన ఇటుక తీసి ఆయన తల మీద కొట్టాడు. తనని తిట్టే గొంతులన్నీ ఆయన జేబులో దాచి తెచ్చాడనుకున్నాట్ట. పోలీసులు వచ్చేసరికి, పడిపోయినాయనకి పేపరుతో విసురుతూ కూర్చుని ఉన్నాడు.

ఇక చూడండి. మంచం దొరకని దేశంలో కేసు మాత్రం గుర్రమెక్కి పరిగెత్తింది. పేపర్లవాళ్ళు వాడి కాలేజీ ఫొటో వేసి "చదువుకున్న రాక్షసుడు" అన్నారు. కోర్టులో వాడు పైకప్పుకేసి చూసి గొణుక్కుంటే పిచ్చి నటిస్తున్నాడన్నారు. జైల్లో మాత్రలివ్వక నెలలు గడిచాయని ఒక్కడూ రాయలేదు. కాలనీ తెలుగు సంఘం కార్యదర్శి వీరభద్రరావు సంఘం హాల్లో సభ పెట్టి, ఫణికి ఉరి వెయ్యాలని తీర్మానం చేయించాడు. నల్లబ్యాడ్జీలు పెట్టుకుని ఊరేగింపు తీశారు. కాయగూరల బండి దగ్గరా, బస్‌స్టాపులోనూ, ఇస్త్రీ బల్ల దగ్గరా ఒకటే మాట, ఉరి తియ్యాలి. వంకాయ పుచ్చా మంచిదా అని చూస్తూ అనేవాళ్ళు ఆ మాట!

చనిపోయినాయన భార్య దుర్గాంబగారు మాత్రం ఎక్కడా నోరు విప్పలేదు. ఆవిడ తరఫున కాలనీ అంతా విప్పింది.

నేరం రుజువైంది. జబ్బుందనడానికి ఆధారం చూపమన్నారు. ఆసుపత్రి చీటీ పోలీసుల సోదాలో పోయింది, డాక్టరుకి బదిలీ అయింది, ఠాణావాళ్ళు అసలావిడ రానే లేదన్నారు. ఇక మిగిలింది శిక్ష. సోమవారం నాడు దాని మీద ఇరుపక్షాల మాటా విని జడ్జీ తేల్చేస్తాడు.

"ఒక్క గొంతు సాక్ష్యం దొరికినా ఉరి తప్పించొచ్చు మేడం," అన్నాడు ఫణి తరఫున సర్కారు ఇచ్చిన వకీలు. "కూలరు మాట కోర్టులో చెల్లుతుంది. గడ్డి మార్చలేదని ఇంటివాళ్ళు చెప్తే చాలు. కానీ ఎవరింట్లో ఉంది మార్చని గడ్డి?"

ఉంది. కాలనీ మొత్తానికి ఒక్క ఇంట్లో ఉంది. దుర్గాంబగారు మార్చలేదు.

ఎందుకు మార్చలేదో అందరికీ తెలుసు. ఆయన పోయిన రోజు కట్టేసిన కూలరు కిందటేడు మళ్ళీ వెయ్యలేదు. ఆవిడ ఎండలు మొదలైన దగ్గర్నుంచి రోజుకి ఒక్క చెంబు నీళ్ళు ఆ గడ్డి మీద పోసి, ఫ్యాను వేసుకుని, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. ఆ చెంబెడు నీళ్ళకీ ఆయన మాటలు ఓ నాలుగైదు వస్తాయి. అంతే, కట్టేస్తుంది. ఢిల్లీ ఎండలో ఇల్లు కుంపటిలా ఉన్నా సరే, రెండో చెంబు పొయ్యదు. పోస్తే మాటలు తొందరగా అయిపోతాయి. అసలు గడ్డి పూర్తిగా నానిందా, ఇక ఆపడం ఎవరివల్లా కాదు, ఉన్నదంతా ఒక్కపెట్టున కక్కేస్తుంది.

కిందటి మే నెలలో ఒక ఆదివారం హైమవతి ఆ గదిలోనే కూర్చుని ఏడ్చింది. ఠాణా నుంచి ఎస్సై వచ్చాడు. వీరభద్రరావూ వచ్చాడు. గోవిందరాజులుగారు ఆసుపత్రికి ఫోను చేశారు. అదంతా ఆ గడ్డిలో ఉంది. రోజుకో చెంబు చొప్పున ఆవిడ ఇంకా కిందటి ఏప్రిల్లోనే ఉంది. మే దాకా వచ్చేసరికి శ్రావణమాసం వస్తుంది. ఫణికి సోమవారం దాకానే వ్యవధి.

శనివారం మధ్యాహ్నం హైమవతి కిందికి దిగి ఆ తలుపు తట్టింది. గోవిందరాజులుగారు పోయాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

"పిన్నిగారూ, లోపలికి రావచ్చా?"

దుర్గాంబగారు రమ్మనలేదు, వద్దనలేదు. తలుపు వదిలేసి వెళ్ళి పీట మీద కూర్చుంది. హైమవతి నిలబడే అంతా చెప్పింది. తన గొంతు తనకే అసహ్యమేసింది. అయినా ఆపలేదు.

అంతా విని ఆవిడ తలెత్తి, "మీ తమ్ముడు మనిషిని తీసుకుపోయాడు. గొంతైనా మిగిలిందిలే అనుకున్నాను. అది తీసుకుపోడానికి నువ్వొచ్చావా హైమా?" అంది.

హైమవతి మెట్లెక్కి పైకొచ్చేసి వంటింట్లో నేల మీద కూలబడింది. ఆవిడ మీద కోపం రాలేదు. తక్కిన అందరి మీదా వచ్చింది. ఊరంతా కలిసి చేసిన పాపానికి శిక్ష వెయ్యడానికి దేవుడికి దొరికింది ఆ వెర్రి పిల్లాడూ, ఈ ముసలావిడా! తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడు కూడా ఎవరూ పట్టుకుపోలేదు. అంతా తెచ్చి ఈ రెండు వాటాల ముందే పోశారు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కింద వీరభద్రరావు గొంతు వినిపించింది. హైమవతి బాల్కనీలోంచి తొంగిచూసింది. ఆయన వెనకే గడ్డి మోపుతో మనిషొకడు నిలబడున్నాడు.

"అక్కయ్యగారూ, ఈ ఎండలో మీరలా మాడిపోతుంటే చూడలేకపోతున్నామండీ. సంఘం తరఫున కొత్త గడ్డి పెట్టిస్తున్నాం. మీరేం కదలక్కర్లేదు, అయిదు నిమిషాల పని." ఆ మనిషికేసి తిరిగి, "చలో భయ్యా, పురానా వాలా నికాలో, జల్దీ," అన్నాడు.

హైమవతి చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది. ఆవిడ వెళ్ళేసరికి గడ్డివాడు కూలరు పక్క రేకు విప్పేసి, గడ్డిలో చెయ్యి పెట్టేశాడు.

"చెయ్యి తియ్యమను," అంది దుర్గాంబగారు. గట్టిగా అనలేదు. గడ్డివాడికి తెలుగు రాదు, అయినా చెయ్యి తీసేశాడు.

"అది కాదండీ అక్కయ్యగారూ, మీ ఆరోగ్యం..."

"ఆయన పోయిన్నాటినుంచి నేను తిన్నానో లేదో అడగనివాడివి, ఇవాళ నా కూలరు మీద పడ్డావేం వీరభద్రం? ఇందులో నీ గొంతు కూడా ఉందా?"

వీరభద్రరావు గుమ్మంలో నిలబడ్డ హైమవతిని చూశాడు. రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నేనేదో ఆనాడు మన తెలుగువాళ్ళ పరువు పోకూడదని... అందరి మంచికే చెప్పానండీ. ఇప్పుడవన్నీ తవ్వితే ఎవరికి లాభం? బావగారి ఆత్మకి శాంతి ఉండాలంటే ఆ కుర్రాడికి..."

"ఆయన శాంతి సంగతి నీకేం తెలుసు? మూడు వందల గుమ్మాల్లో ఒక్క నువ్వేనా పైకెళ్ళి ఆ పిల్లాడి పక్కన ఓ రోజు కూర్చుంటే ఈయన ఒక్కడే వెళ్ళేవాడా? పో."

వాళ్ళు వెళ్ళాక ఆవిడ విప్పిన రేకు తనే బిగించబోయింది. రేకు జారింది. హైమవతి ముందుకొచ్చి స్క్రూ పట్టుకుంది. అంతా అయ్యాక దుర్గాంబగారు కొంగుతో మొహం తుడుచుకుని, "రేపు ఎన్నింటికి?" అని అడిగింది.

సోమవారం కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. నల్లబ్యాడ్జీలతో కాలనీ అంతా వచ్చింది. పేపర్లవాళ్ళు వచ్చారు. జడ్జీ, గడ్డి కిందటి ఏప్రిల్లో పెట్టిందేనా, ఎవరూ మార్చలేదా అని అడిగితే, దుర్గాంబగారు దేవుడి మీద ఒట్టేసి చెప్పింది. బంట్రోతు కోర్టు కూలరు రేకులు విప్పి, ఆవిడ పొడిగుడ్డలో చుట్టి తెచ్చిన గడ్డి పరిచాడు. అలాంటివి ఆ కోర్టులో ఎన్ని చూశాడో, ఆవలిస్తూ పరిచాడు. తర్వాత బకెట్టుతో నీళ్ళు పోసి, పంపు తిప్పాడు.

ఆ బకెట్టు కుమ్మరిస్తుంటే దుర్గాంబగారు కళ్ళు మూసుకుంది.

"దుర్గా, నా కళ్ళద్దాలు చూశావా?" అంది గాలి.

"మీ నెత్తిమీదే ఉన్నాయి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన దగ్గు వచ్చింది. గడ్డం గీసుకుంటూ తీసే కూనిరాగం వచ్చింది. కందిపప్పు మాడిందన్న దెప్పుడూ, దానికి ఆవిడ విసురూ, ఆ వెంటనే ఇద్దరి నవ్వూ. నెలల తరబడి చెంబుతో కొలుచుకుని వినాల్సిన కాపురమంతా పరాయివాళ్ళ ముందు గడగడా పోతోంది. ఆవిడ పెదవులు ఆయన మాటలతోపాటే కదులుతున్నాయి. హైమవతి తల వంచుకుంది. ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది గానీ కదిలితే ఒక మాట వినపడకుండా పోతుందని భయమేసింది.

తర్వాత తన ఏడుపే తనకి వినిపించింది. "బాబాయిగారూ, వాడు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఇవాళ కత్తిపీట దాచేశాను. ఎక్కడైనా చేర్పించండి. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే..."

ఫోను తిప్పిన చప్పుడు. గోవిందరాజులుగారి ఇంగ్లీషు, తర్వాత హిందీ. "మంచాల్లేవా? ఎవరికైనా హాని చేస్తేనే అత్యవసరంగా చేర్చుకుంటారా? ఏమండీ, ఆ హాని చెయ్యకుండా చూడమనే కదా నేనడిగేది?"

ఎస్సై గొంతు, వాడు ఎవర్నైనా కొట్టేదాకా మేమేం చెయ్యగలమని. "సాబ్, జబ్ తక్ వో కిసీకో మారేగా నహీ, హమ్ క్యా కరేఁ?" ఆ మాటకి ఉరి అడుగుతున్న ప్రభుత్వ వకీలు కాగితాల్లోకి తల దూర్చాడు.

ఆ వెనక వీరభద్రరావు. "మెంటల్ ఆసుపత్రి అంబులెన్సు మన బ్లాకు ముందాగితే ఇంకేమైనా ఉందా? మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. రేపు మన తెలుగువాళ్ళ పిల్లలకి ఇళ్ళు అద్దెకిస్తారా? గదిలో పెట్టి గడియ వెయ్యమ్మా హైమవతీ. పరీక్ష పాసైతే అదే సర్దుకుంటుంది."

"టైఫాయిడ్ వస్తే ఇలాగే గడియ వేస్తామా వీరభద్రం?" అన్నాడు గోవిందరాజులుగారు. కాసేపు గాలి ఊరికే వీచింది. "నేను రోజూ వచ్చి కూర్చుంటాలే అమ్మా. అంతకంటే నా చేతిలో ఏముంది."

జడ్జీ చాలు, ఆపమని చెయ్యెత్తాడు. బంట్రోతు పంపు కట్టేశాడు. నానిన గడ్డి ఆగుతుందా? జూన్ నెల వచ్చింది, మామిడిపళ్ళ బేరం వచ్చింది, మొదటి వాన పడుతోంది చూడమని ఆయన పిలిచిన పిలుపు వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు, ఎవరు లెమ్మన్నారో తెలీదు. చివర్న పేపరు మడిచిన చప్పుడైంది.

"పైకెళ్ళి అబ్బాయిని చూసొస్తా దుర్గా. కాఫీ వచ్చాక తాగుతాను."

ఆ తర్వాత వచ్చింది వట్టి గాలి.

ఉరి లేదు. యావజ్జీవం. జైల్లో కాకుండా మానసిక ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయించాలని, వెంటనే మంచం ఏర్పాటు చెయ్యాలని జడ్జీ ఆజ్ఞ. సాయంత్రానికల్లా మంచం దొరికింది. ఒక మంచి మనిషి ప్రాణం పోతే గానీ దొరకని మంచం!

కోర్టు మెట్ల మీద నల్లబ్యాడ్జీలు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. "పాపం, జబ్బు పిల్లాడు. మేం మొదట్నుంచీ అంటూనే ఉన్నాం," అంటున్నారు పొద్దున ఉరి అని అరిచినవాళ్ళే. వీరభద్రరావు పేపరువాడి ముందు నిలబడి, వ్యవస్థ విఫలమైందని ఇంగ్లీషులో చెప్తున్నాడు. హైమవతి వాళ్ళ మీదికి వెళ్ళబోయింది. అందర్నీ పేరుపేరునా కడిగెయ్యాలని నోటిదాకా వచ్చింది. దుర్గాంబగారు ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆటోలోకి లాగింది.

"ఇక్కడ కాదు," అంది.

దారిలో ఆటో ఆపించి కొత్త గడ్డి కొంది. ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి దాన్ని కూలరుకి కట్టారు. ఆవిడ చెంబు పక్కన పెట్టేసి, నిండు బకెట్లు తెచ్చి పోసింది. ఆ ఇంట్లోకి ఆ ఏడు మొదటిసారి చల్లగాలి వచ్చింది. దుర్గాంబగారు పీట మీద కూర్చుని, గాలికి మొహం అప్పగించి కాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు కూడా గడ్డిలోకి వెళ్ళింది. తర్వాత ముక్కు చీదుకుని కుర్చీ ఒకటి కూలరు ముందుకి జరిపింది.

"కూచో హైమా. ఇప్పుడు చెప్పు. ఆసుపత్రివాడు ఏమన్నాడో, ఠాణాలో ఏమన్నారో, జైల్లో మాత్రలు ఎవరివ్వలేదో, ఈ మెట్ల మీద ఎవరెవరు మొహం తిప్పుకున్నారో, ఊరేగింపులో ఎవరు ముందు నడిచారో. పేర్లతో సహా చెప్పు. తొందరేం లేదు, ఎండాకాలమంతా ఉంది."

"ఎందుకు పిన్నిగారూ? ఎవరు వింటారు?"

"వచ్చే ఏడు నేనీ క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ఈ గడ్డి తీసి సంఘం హాల్లో కూలరుకి పెట్టించి వెళ్తాను. వింటారో చస్తారో వాళ్ళిష్టం."

హైమవతి కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. గొంతు సవరించుకుని, తమ్ముడి మాటకి తను నవ్వేసిన రోజు దగ్గర్నుంచి ఎత్తుకుని, మొదట తన పేరే చెప్పింది.